కథ చెప్పండి, కాగితం పంచకండి: అమెరికాలోని తెలుగు టీచర్లకి ఒక బహిరంగ లేఖ

అమెరికా ఎలిమెంటరీ స్కూళ్ళలో పాఠాలు చెప్తున్న మన తెలుగు టీచర్లందరికీ నమస్కారం.

ఫిబ్రవరి దగ్గరికొస్తోంది. బ్లాక్ హిస్టరీ మంత్, నల్లజాతి వాళ్ళ చరిత్రకి కేటాయించిన నెల కదా, మీ స్కూల్లో కూడా రెండో తరగతికో మూడో తరగతికో 'ఆఫ్రికా జానపద కథలు' అని ఒక వారం పెట్టే ఉంటారు. ఈ దేశంలో నా మొదటి సంవత్సరం నాకూ పెట్టారు. చేతికి ఒక వర్క్‌షీట్ల కట్ట ఇచ్చారు. పైన జిరాఫీ బొమ్మ, పక్కన ఒక గుడిసె, మధ్యలో ఎనిమిది లైన్లలో అనాన్సె అనే సాలీడు కథ, కింద మూడు ప్రశ్నలు, ఆఖరి ప్రశ్న "ఈ కథలోని నీతి ఏమిటి?" అని. కొత్తదాన్ని, ఇచ్చింది ఇచ్చినట్టు పంచాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇరవై రెండు మంది పిల్లల్లో ఒక్కళ్ళు కూడా నవ్వలేదు. ఘానా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ పాప ఒకతి నా క్లాసులో ఉండేది, ఆ పాప జిరాఫీకి పసుపు రంగు వేస్తూ కూర్చుంది, గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

నాకు ఆ రోజు తలకొట్టేసినట్టయింది, ఎందుకంటే ఆ కథ అలా ఉండదని తెలిసిన మనిషిని నేను. దాన్ని చెప్పాల్సిన చోట, చెప్పాల్సిన వాళ్ళ నోట విన్నాను. విని కూడా కాగితం పంచాను. అందుకే ఈ ఉత్తరం.

2012 నుంచి 2017 దాకా మేము ఘానాలో టెమా అనే రేవు పట్నంలో ఉన్నాం. మా ఆయన ఉద్యోగం అక్కడ. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెప్పేదాన్ని. ఆ రోజుల్లో కరెంటు కోతలు ఘోరంగా ఉండేవి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు డుమ్‌సోర్, అంటే ఆరడం, వెలగడం. కరెంటు పోతే లోపల ఉక్క, అందరం బయటికి వచ్చేసేవాళ్ళం. మా కాంపౌండు గేటు పక్కన ఒక పెద్దావిడ ఉండేది, అక్కడి ఫాంటె జాతి మనిషి, పులిసిన మొక్కజొన్న పిండిని అరటాకుల్లో చుట్టి ఉడికించే కెంకే అమ్ముకునేది. పిల్లలంతా ఆవిడని నానా అనేవాళ్ళు. అక్కడ నానా అంటే అమ్మమ్మకీ చెల్లుతుంది, తాతయ్యకీ చెల్లుతుంది. మా అమ్మాయి మాత్రం మొదట్లో 'ఆవిడని నాన్న అంటారేంటమ్మా' అని ఒకటే అడిగేది.

కరెంటు పోగానే నానా బల్ల ఎదురుగా పిల్లలు చేరిపోయేవాళ్ళు. ఆవిడ గొంతు సవరించుకుని ఒక్క కేక వేసేది: "కథంటే నమ్మడానికి కాదు!" పిల్లలంతా ఒక్క గొంతుతో: "దాచుకోవడానికి!" ఆ జవాబు సరిగ్గా గట్టిగా రాకపోతే ఆవిడ కథ మొదలుపెట్టేది కాదు, మళ్ళీ అడిగించుకునేది.

కందిరీగల ఘట్టం ఆవిడ చెప్పిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అనాన్సె కందిరీగల్ని పట్టాలి. సొరకాయ బుర్ర నిండా నీళ్ళు తీసుకెళ్ళి, సగం వాటి మీద పోసి, మిగతా సగం తన మీద పోసుకుని, అరటాకు నెత్తిన పెట్టుకుని, "అయ్యో వాన! తడిసిపోతున్నారు, ఈ బుర్రలోకి రండి" అంటాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నానా కెంకే చుట్టే ఆకు ఒకటి తీసి తన నెత్తిన పెట్టుకుంది, పక్కనున్న లోటాలో చెయ్యి ముంచి ముందు వరసలో పిల్లల మీద చిలకరించింది. పిల్లలు కెవ్వుమన్నారు. ఆ కేకల్లోంచే ఒక కుర్రాడు లేచి, "ఆగు నానా, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను!" అని ఒక పాట ఎత్తుకున్నాడు. అందరూ చప్పట్లు కొడుతూ అందుకున్నారు. రెండు నిమిషాలు పాట, తరవాత కుర్రాడు కూర్చున్నాడు, కథ ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలు.

ముందు నేను ఆ కుర్రాడు అల్లరి చేస్తున్నాడనుకున్నాను. కాదట, అది కథలో భాగమేనట. అకాన్ వాళ్ళ (ఫాంటెలు, అసాంతేలు ఈ జాతి వాళ్ళే) కథల్లో వినేవాళ్ళు మధ్యలో లేచి పాట ఎత్తుకోవచ్చు, దానికి మ్మొగువో అని పేరు కూడా ఉంది. వింటున్న వాళ్ళు కునుకు తీయకుండా, చెప్పేవాళ్ళకి ఊపిరి తీసుకునే తీరిక ఉండేలా. బుర్రకథలో వంతలు 'తందాన తాన' అందుకున్నట్టు అనుకోండి, కాకపోతే ఇక్కడ వంత ఏ ఇద్దరో కాదు, ఆ వాకిట్లో కూర్చున్న ప్రతివాళ్ళూ.

ఇప్పుడు నా క్లాసు కాగితం గుర్తు తెచ్చుకోండి. ఎనిమిది లైన్లు, మూడు ప్రశ్నలు, నోరు మూసుకుని చదవాలి. వినేవాళ్ళు లేనిదే పుట్టని కథని వినేవాళ్ళ నోరు నొక్కి నేర్పుతున్నాం.

మీరు అనబోయేది నాకు తెలుసు. 'స్టాండర్డ్స్ ఉన్నాయి మేడమ్, మూడో తరగతికి స్టేట్ టెస్టు ఉంది, నీతి అడగకపోతే కోచ్ (మన పాఠాలు చూసి సలహాలిచ్చే ఆవిడ) వచ్చి అడుగుతుంది' అని. నేనూ అదే టెన్షన్ పడ్డాను. తరవాత ఆ స్టాండర్డు తీసి నిదానంగా చదివాను. 2010లో వచ్చిన కామన్ కోర్‌లో, అంటే చాలా రాష్ట్రాలు తీసుకున్న బోధనా ప్రమాణాల్లో, మూడో తరగతి సాహిత్యం కింద రెండోది. మేముండే నార్త్ కరోలినాలో కూడా దాదాపు అదే మాట. రకరకాల సంస్కృతుల కథలు, జానపద కథలు, పురాణ కథలు పిల్లలు 'రీకౌంట్' చెయ్యాలి, అంటే విన్నది తిరిగి చెప్పాలి. ఇదీ మొదటి ముక్క. కథ చెప్పదలుచుకున్నదో, పాఠమో, నీతో కనిపెట్టడం ఆ తరవాత. మనం మొదటి ముక్క వదిలేసి రెండోదాని మీద పడుతున్నాం. ఇక స్పీకింగ్ అండ్ లిజనింగ్ కింద నాలుగోది అయితే కథ చెప్పమని నేరుగా అంటుంది, స్పష్టంగా, అర్థమయ్యే వేగంతో. అంటే నోటితో కథ చెప్పించడం స్టాండర్డు పక్కన పెట్టడం కాదు, స్టాండర్డు అడిగినదే. కోచ్ వస్తే ఈ రెండూ బోర్డు మీద రాసి చూపించండి. నేను చూపించాను, ఆవిడ కూర్చుని కథ మొత్తం విని వెళ్ళింది. టెక్సాస్ లాగా సొంత స్టాండర్డ్స్ ఉన్న రాష్ట్రంలో ఉన్నవాళ్ళు మీ పుస్తకం ఒకసారి తీసి చూడండి.

సరే, చెప్పడం ఎలా? బట్టీ పట్టొద్దు. అనాన్సె ఆకాశ దేవుడు న్యామె దగ్గర కథలన్నీ కొనుక్కోవడానికి వెళ్ళిన కథే తీసుకోండి. న్యామె అడిగిన వెల నాలుగు: ఒనిని అనే కొండచిలువ, కందిరీగల గుంపు, ఒసెబో అనే చిరుత, మ్మొవాటియా అనే పొట్టి మాయమనిషి. నాలుగు మేకులు అనుకోండి, ఒక్కో దాని మీద ఒక్కో ఘట్టం తగిలించండి. కొండచిలువని కర్రతో పొడవు కొలుస్తానని చెప్పి కట్టేస్తాడు, చిరుతకి గొయ్యి తవ్వుతాడు, మాయమనిషికి బంక పూసిన చెక్కబొమ్మ చేతిలో పెండలం ముద్ద పెట్టి ఎర వేస్తాడు. మొదలు, ముగింపు మాత్రం మాట పొల్లుపోకుండా నేర్చుకోండి, మధ్యలో మీ నోటికి ఎలా వస్తే అలా. నాకు పదిహేను నిమిషాలు పడుతుంది, పిల్లల పాటలు కలిపితే ఇరవై. మొదటిసారి మీ చేతులు వణుకుతాయి. పుస్తకం పట్టుకోకండి, పట్టుకుంటే కళ్ళు దాని మీదకే పోతాయి.

మన నోటికి ఇది కొత్త కాదు. మనలో చాలామందిమి అమ్మమ్మ పక్కన పడుకుని ఊ కొట్టిన వాళ్ళమే. ఊ ఆగిపోతే ఆవిడ 'నిద్రపోయావా' అని ఆపేసేది. అదే పని, వేరే వాకిట్లో.

ఇక ఊరూ పేరూ సంగతి. దీని గురించి నాకు కోపమే ఉంది, దాచుకోను. ఆ వర్క్‌షీట్ మీద 'ఒక ఆఫ్రికా కథ' అని ఉంది. ఆఫ్రికాలో 54 దేశాలు, వెయ్యికి పైగా భాషలు. 'ఒక ఆసియా కథ' అని రాసి కింద మర్యాద రామన్న కథ పెడితే మనం ఊరుకుంటామా? అనాన్సె అకాన్ వాళ్ళ సొత్తు, దక్షిణ ఘానా అడవుల మనిషి. మనిషి అన్నాను, వాడు సాలీడు కూడా, మనిషి కూడా, ఏ క్షణం ఏదో చెప్పలేం. ఆ అడవుల్లో జిరాఫీ ఉండదు. కొండచిలువ ఉంటుంది, చిరుత ఉంటుంది, కందిరీగలుంటాయి, కథలో ఉన్నవీ అవే. కథలో ఏ జంతువులున్నాయో చూస్తే అది ఎక్కడి నేలో తెలుస్తుంది. పిల్లలకి ఇంతకంటే మంచి భూగోళ పాఠం ఏముంది? తూర్పు తీరాన స్వాహిలి కథల్లోకి వెళ్తే తెలివంతా సుంగురా అనే కుందేలుది, మోసపోయేది ఫిసి అనే దుమ్ములగొండి. నైజీరియా యొరుబా కథల్లో ఇజాపా అనే తాబేలు. అదే నైజీరియా ఉత్తరాన హౌసా వాళ్ళకి మళ్ళీ సాలీడే, పేరు గిజో.

మొదలుపెట్టే కేకలు కూడా ఎవరివి వాళ్ళవే. స్వాహిలిలో చెప్పేవాళ్ళు "పౌక్వా!" అంటే వినేవాళ్ళు "పకావా!" అనాలి. హౌసా వాళ్ళు 'ఇదిగో కథ, ఇదిగో' అంటే 'రానీ, వింటాం' అని జవాబు. దక్షిణాఫ్రికా జూలూ వాళ్ళలో "క్వెసుకెసుకేలా" అనగానే పిల్లలు ఒక్క మాట అంటారు, దానికి ముందు నాలుకతో ఒక శబ్దం వస్తుంది, 'అయ్యో పాపం' అనేటప్పుడు మనం 'చ్చ్' అంటామే, అచ్చం అదే. మన నోటికి ఈ శబ్దం ముందే అలవాటు. ఇవి నేర్పితే పిల్లలు ఇంటికి వెళ్ళి కూడా అంటారు, మా క్లాసు పిల్లలు లంచ్ లైన్లో అరుస్తుంటే నేనే వెళ్ళి ఆపాల్సొచ్చింది.

1930లో ఆర్.ఎస్. రాట్రే అనే బ్రిటిష్ అధికారి అసాంతే వాళ్ళ కథలు వాళ్ళ భాషలో, పక్కనే ఇంగ్లిషులో అచ్చువేయించాడు. అందులో అనాన్సె వెళ్ళి అడిగితే న్యామె ఏమంటాడంటే, కొకోఫు, బెక్వాయ్, అసుమెంగ్యా లాంటి పెద్ద పెద్ద పట్నాలే వచ్చి కొనలేకపోయాయి, నీ వల్ల ఏమవుతుంది అంటాడు. ఇవి నిజమైన ఊళ్ళు, అసాంతేల ముఖ్య పట్నం కుమాసి చుట్టుపక్కలవి. కథ చెప్పిన మనిషికి తన తాలూకాలో ఊళ్ళ పేర్లన్నీ కావాలి. మనకి 'ఆఫ్రికా' సరిపోయింది. రెండో సంవత్సరం ఈ మూడు పేర్లూ పెట్టి కథ చెప్పాను. ఆ జిరాఫీకి రంగేసిన పాప చెల్లెలు ఆ ఏడాది నా క్లాసులో ఉంది. వారం తరవాత పేరెంట్-టీచర్ కాన్ఫరెన్సుకి వచ్చిన వాళ్ళమ్మ, "మీరు బెక్వాయ్ పేరు చెప్పారటగా, మా అన్నయ్య ఇల్లు అక్కడే" అంది. నా ఉచ్చారణ కూడా దిద్దింది. అరగంట కూర్చుంది. చదువు గురించి మాట్లాడటానికి టైమే మిగల్లేదు.

నీతి దగ్గరికి వద్దాం. అనాన్సె అబద్ధాలాడతాడు, మోసం చేస్తాడు, చివరికి గెలుస్తాడు. దీన్ని 'నిజాయితీగా ఉండాలి' అనే నీతిలోకి కుక్కడం మా టీచింగ్ గైడ్ వల్ల కూడా కాలేదు, 'తెలివి బలం కన్నా గొప్పది' అని రాసి ఊరుకుంది. పిల్లల్ని వదిలేసి చూడండి. మా క్లాసులో ఒక కుర్రాడు, "కందిరీగలు ఏం తప్పు చేశాయి? వాడికి కథలు కావాలంటే వాటిని ఎందుకు పట్టివ్వాలి?" అన్నాడు. ఒక పిల్ల, "ఉపాయాలు చెప్పింది వాళ్ళావిడ కదా, కథలకి వాడి పేరు ఎందుకు పెట్టారు?" అంది. నిజమే మరి. రాట్రే రాసుకున్న కథలో కొండచిలువకీ కందిరీగలకీ దారి చూపించింది అనాన్సె భార్య ఆసో. పిల్లల కోసం కుదించేటప్పుడు చాలాచోట్ల ముందుగా ఎగిరిపోయేది ఆవిడే. దయచేసి ఆసోని ఉంచండి. న్యామె కథలు అని ఉన్న పేరు ఆ తరవాత అనాన్సె కథలు, అనాన్సెసెమ్, అయింది. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, అదే చెప్పాను. మిగతా పిల్లలు దాని మీద ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. ఏ వర్క్‌షీటూ నాకు అంత రాత తెచ్చిపెట్టలేదు, మర్నాడు ప్రతి పిల్లా ఒక పేజీ రాసింది.

ఈ దేశంలో పాఠం చెప్తున్నాం కాబట్టి ఇంకో సంగతి, మన వాళ్ళకి తెలియక పొరపాటు జరిగేది ఇక్కడే. అనాన్సె ఓడల్లో బంధించి తెచ్చిన మనుషుల నోట సముద్రం దాటాడు. జమైకాలో ఆనాన్సీ అయ్యాడు, సౌత్ కరోలినా తీరంలో కొన్ని కథల్లో 'ఆంట్ నాన్సీ' అయి ఆడమనిషయ్యాడు. బంకబొమ్మకి అతుక్కుపోయే కథ ఇక్కడ బ్రేర్ రాబిట్ అనే కుందేలుకి వచ్చింది. ఆ బొమ్మకి ఇంగ్లిషులో ఒక పేరుంది, తారు పేరుతో. ఆ మాట ఈ దేశంలో నల్లవాళ్ళని తిట్టడానికి వాడారు. క్లాసులో ఆ మాట అనకండి, 'బంకబొమ్మ' అనే అర్థం వచ్చేలా ఏదైనా అనండి చాలు. అలాగే గొంతు మార్చి 'ఆఫ్రికా యాస' పెట్టడం, పిల్లల మొహాలకి రంగులు పూయడం వద్దు. మీ క్లాసులో ఉన్న నల్లజాతి పిల్లని లేపి 'మీ ఇంట్లో ఈ కథలు చెప్తారా' అని అందరి ముందూ అడగొద్దు. వాళ్ళ ముత్తాతల నుంచి ఊరి పేరు, భాష, ఇంటిపేరు అన్నీ లాగేసుకున్నారు, ఈ కథలు ఏదో రకంగా మిగిలాయి. ఈ వారం ఆ పిల్లలకి వాళ్ళ వస్తువు వాళ్ళకి తిరిగి ఇస్తున్న వారం. ఈ ఒక్క కారణానికే కాగితం పంచి వదిలేయకూడదని నేను ఇంతగా అడుగుతున్నాను.

మన వాళ్ళు చాలామంది నన్నడిగే మాట ఒకటుంది: 'మనకి పంచతంత్రం ఉంది కదా, అదే చెప్పొచ్చుగా?' చెప్పండి, కాదనను, దానికి వేరే వారం ఉంది. కానీ ఒక ముచ్చట వినండి. 1870లో ఎడ్వర్డ్ స్టీర్ అనే ఆయన జాంజిబార్‌లో విన్న స్వాహిలి కథలు అచ్చువేశాడు. అందులో ఒక కోతి సముద్రం ఒడ్డున మ్కుయు చెట్టు మీద ఉంటుంది, మన మేడి జాతి చెట్టే. కింద సొరచేపకి పళ్ళు వేస్తుంటుంది. సొరచేప దాన్ని వీపు మీద ఎక్కించుకుని నడిసముద్రంలోకి తీసుకెళ్ళి, మా సుల్తానుకి జబ్బు చేసింది, కోతి గుండె మందు అంటుంది. కోతి, 'అయ్యో, గుండె చెట్టు మీద వదిలేసి వచ్చానే' అంటుంది. మీకు ఈపాటికి నవ్వు వచ్చే ఉంటుంది. తప్పించుకున్నాక కోతి ఇంకో కథ చెప్తుంది, గుండె, చెవులు లేని చాకలివాడి గాడిద కథ. ఆ చాకలిని స్వాహిలిలో 'దోబీ' అంటారు. ఈ రెండు కథలూ మన పంచతంత్రం నాలుగో తంత్రంలో ఒకదాంట్లో ఒకటి ఇలాగే ఉంటాయి.

దీన్ని చెప్పేది 'చూశారా, మనమే నేర్పాం' అనుకోవడానికి కాదు. సముద్రం దాటి వెళ్ళిన కథని ఆ తీరం వాళ్ళు తమదిగా చేసుకున్నారు. మొసలి సొరచేప అయింది, నేరేడు మ్కుయు అయింది. మీ క్లాసులో తెలుగు పిల్లలుంటే వాళ్ళు అమ్మమ్మ దగ్గర విన్నది చెప్పనివ్వండి, పక్క పిల్లల్ని సొరచేప కథ చెప్పనివ్వండి, ఎక్కడ విడిపోయాయో వాళ్ళే పట్టుకుంటారు.

కథలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. దక్షిణాఫ్రికాలో సాయిడె అనే సంస్థ నడిపే ఆఫ్రికన్ స్టోరీబుక్ అని ఉంది, ఆఫ్రికా భాషల్లోనూ ఇంగ్లిషులోనూ ఉన్న పిల్లల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకోవచ్చు. మన బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ కూడా అలాంటిదే. లైబ్రేరియన్‌ని అడిగేటప్పుడు 'ఆఫ్రికా కథలు' అనకండి, 'అకాన్ కథలు', 'జూలూ కథలు' అని అడగండి. మొదటిసారి వింతగా చూస్తారు, తరవాత షెల్ఫ్ మీద లేబుల్ మారుతుంది, మా దగ్గర మారింది.

నానా కథ ముగించేటప్పుడు ఒక మాట అనేది. ఈ కథ తియ్యగా ఉన్నా, లేకపోయినా, కొంత మీరు పట్టుకెళ్ళండి, కొంత నాకు తిరిగి రానివ్వండి. మనం 'కథ కంచికి, మనం ఇంటికి' అని తలుపు మూసేస్తాం, వాళ్ళు తెరిచి ఉంచుతారు. నేను మా క్లాసులో దీన్ని హోమ్‌వర్క్ చేశాను: ఇంటికి వెళ్ళి అమ్మకో నాన్నకో తాతకో కథ చెప్పాలి, బదులుగా వాళ్ళ దగ్గర ఒకటి తీసుకుని రావాలి. మెక్సికో నుంచి, వియత్నాం నుంచి, ఇక్కడి పొగాకు తోటల నుంచి కథలు వచ్చాయి. ఒక పిల్లాడు కథ ఏదీ దొరకలేదని వాళ్ళ తాత ట్రక్కు పాడైన రోజు సంగతి చెప్పాడు, అదే అందరికీ నచ్చింది.

ఈ ఫిబ్రవరికి మిమ్మల్ని అడిగేది ఇంతే. ఒక్క కథ. ఏ జాతి వాళ్ళది, ఏ దేశంలోది, మొదలు ఎలా పెడతారు, ఈ మూడూ తెలుసుకుని ఒక్కసారి పుస్తకం లేకుండా చెప్పండి. చెప్పాక పిల్లలు ఎక్కడ గొంతు కలిపారో, ఎక్కడ మీరు మర్చిపోయి తడుముకున్నారో నాకు రాయండి, నేను తడుముకున్న చోట్లు మీకు రాస్తాను. కందిరీగల ఘట్టానికి నీళ్ళు మాత్రం గోరువెచ్చగా పెట్టుకోండి, ఇక్కడ ఫిబ్రవరిలో చల్లనీళ్ళు చిలకరిస్తే నర్సు రూమ్ నుంచి ఫోన్ వస్తుంది.

ఇట్లు,
ఒక మూడో తరగతి టీచరు,
నార్త్ కరోలినా